తాళంచెవికి కట్టిన ప్లగ్గు

ఒక మనిషి ఒకే వస్తువు కోసం వారం తిరగకుండా మళ్లీ మళ్లీ అంగడికి వస్తుంటే రామేశ్వర్ సేటుకు అది గిరాకీ. ఆయన భార్య అరుణాదేవికి అది తిరకాసు. ఇద్దరూ ఒకే గల్లా వెనక కూర్చుంటారు గానీ, చూసే చూపు మాత్రం ఎవరిది వాళ్లదే.

మొయినాబాద్‌లో మెయిన్ రోడ్డు మీద వాళ్ల దుకాణం. మందు కొట్టే పంపులు, గడ్డి కోసే మిషన్లు, చెట్లు కోసే రంపాలు, వాటికి కావలసిన నట్లు, బెల్టులు, వైర్లు అక్కడ దొరుకుతాయి. ఆ మంగళవారం పొద్దున చేవెళ్ల నుంచి వచ్చే బస్సు ఆగీ ఆగకముందే సుక్కమ్మ దిగి, రోడ్డు దాటి వచ్చి, చేతిలో ఉన్న ఇంటి తాళంచెవిని గల్లా మీద పెట్టింది. అది ఠక్కుమంది. ఒక్క తాళంచెవి ఇంత బరువుగా ఎందుకు మోగిందా అని అరుణాదేవికి అనిపించింది గానీ, సుక్కమ్మ ముఖం చూశాక ఆ సంగతి మరిచిపోయింది.

"సేటమ్మా, ప్లగ్గు ఇయ్యి. గడ్డి మిషన్‌ది."

"మొన్ననే గద తీస్కపోయినవు?"

"మొన్నటిది సచ్చిపోయింది. దాని ముందుది గూడ గట్లనే పాయె."

రామేశ్వర్ అప్పటికే వెనక అలమార దగ్గరికి వెళ్లాడు. తళతళలాడే స్టీలు డబ్బా మూత తీసి, ఒక ప్లగ్గు తెచ్చి గల్లా మీద పెట్టాడు. డబ్బాకు దీపావళినాడు పెట్టిన పసుపు కుంకుమ బొట్టు ఇంకా చెరగలేదు.

సుక్కమ్మ కొంగుముడి విప్పి పాత ప్లగ్గు తీసింది. ఇనుప మర కింద, నిప్పురవ్వ పుట్టాల్సిన కొస మొత్తం మసి పట్టి నల్లగా ఉంది. "ఇదేం రోగమో జర చూడు సేటూ. పొద్దుగాల మంచిగనే మొదలైతది. జరసేపటికి గుర్రుగుర్రుమని ఆగిపోతది. ఎన్నిసార్లు తాడు గుంజినా లేవది. భుజం పోతున్నది నాకు."

"ఆయిల్ ఎక్కువ పోస్తున్నవు," అన్నాడు రామేశ్వర్, ప్లగ్గు వంక చూడకుండానే. ఆ మిషన్లకు పెట్రోలులోనే కొంచెం ఆయిలు కలిపి పోయాలి. అది ఎక్కువైతే పొగ, తక్కువైతే ఇంజను పట్టేస్తుంది. ఏ మిషన్ ఆగిపోయినా ఆయన చెప్పే మొదటి మాట అదే, చివరి మాటా అదే.

"సీసా మూతతోని కొలిచి పోస్తున్న సేటూ. నీకొక్కనికేనా కొలత తెల్సు?"

అరుణాదేవికి నవ్వొచ్చింది. కానీ సుక్కమ్మ నవ్వలేదు. గల్లా మీదికి వంగి గొంతు తగ్గించింది. "భూపాల్ పటేలు ఏమంటుండో ఎరుకనా? నేను పెట్రోల్ అమ్ముకొని, దాంట్ల కిరసనాయిలు పోస్తున్ననట. గందుకే ప్లగ్గులు మాడుతున్నయట. సారుకు ఫోన్ చేసి చెప్పిండు. ఐతారం సారు వస్తడు, రాంగనే మిషన్ హన్మంతుకిచ్చి నన్ను గిన్నెలు తోమేతందుకు పెడతనన్నడు."

సుక్కమ్మ పనిచేసేది అజీజ్‌నగర్‌లో, పట్నం సారొకాయన ఫామ్‌హౌసులో. సారు ఎప్పుడో ఒక ఆదివారం వస్తాడు. తక్కిన రోజులన్నీ తోట చూసుకునే భూపాల్‌వే. పక్క పొలాలు వాళ్లవి, వాళ్లన్న వార్డు మెంబరు. సుక్కమ్మ, హన్మంతులాంటి పనివాళ్ల మీద ఆయన మాటకు ఎదురులేదు.

"హన్మంతుకు మిషన్ వస్తదా?"

"ఏం వస్తది? తాడు గుంజితె నడుం పట్టుకుంటడు." సుక్కమ్మ కొత్త ప్లగ్గును కొంగులో ముడివేసింది. "మిషన్ పట్టకముందు నన్ను 'ఏయ్' అని పిలుస్తుండె సేటమ్మా. భుజానికి మిషన్ ఎక్కినంక 'సుక్కమ్మా' అంటున్నరు. ఇప్పుడు దొంగ అంటుండు. గిన్నెలు తోముడు నామోషీ గాదు నాకు. దొంగ అనిపిచ్చుకొని తోముడు నాతోని గాదు."

బస్సు హారను వినపడి ఆమె గబగబా బయలుదేరింది. "ఈ పాతది ఉండనీ, నేను చూస్త," అని అరుణాదేవి వెనక నుంచి అరిచింది. చూసి ఏం చేస్తుందో ఆమెకే తెలియదు. చూడాలనిపించింది, అంతే.

మధ్యాహ్నం గిరాకీ లేని వేళ అరుణాదేవి ఆ ప్లగ్గును కాగితం మీద పెట్టుకుని కూర్చుంది. ఇన్నేళ్లుగా వందల ప్లగ్గులు అమ్మింది గానీ, వాడిన ప్లగ్గును చేతిలోకి తీసుకుని చూడటం ఇదే మొదలు. పైన తెల్లటి పింగాణీ, మధ్యలో ఆరు పలకల ఇనుప నడుం, కింద సన్నటి మర. ఆ కింద మేకులాంటి కొస ఒకటి, దాని మీదికి కొక్కెంలా వంగిన ఇంకో ముక్క. ఆ రెండింటి మధ్య ఉన్న సందులోనే రవ్వ ఎగరాలి. ఇప్పుడా సందు నిండా మసి.

వేలితో తుడిచింది. దీపం మసిలా పొడిగా అంటింది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది.

"ఇగో, ఎవలన్న చూస్తె నవ్వుతరు," అన్నాడు రామేశ్వర్.

"కిరసనాయిలు వాసనైతె లేదు."

"వాసన చూసి పోలీసు కుక్కలెక్క కేసు పట్టుకుంటవా?"

ఆమె ప్లగ్గును తిప్పి తిప్పి చూసింది. చెడిపోయిన ప్లగ్గు ఎలా ఉంటుందో తెలిసింది, బాగున్న ప్లగ్గు ఎలా ఉంటుందో తెలియాలి కదా. దుకాణం వెనక వాకిట్లో కరెంటు పోయినప్పుడు వేసే చిన్న జనరేటరు ఉంది. అరుణాదేవి ప్లగ్గు పానా తీసుకుని వెళ్లి, దాని నెత్తిన ఉన్న నల్ల టోపీ పీకి, పానా తగిలించి ఎడమకు తిప్పింది. మొదట మొరాయించి, తర్వాత కిర్రుమని కదిలింది. బయటికి తీసి వెలుతురులో పెట్టి చూస్తే, కొస చాయ్‌లో ముంచిన బిస్కెట్టు రంగులో శుభ్రంగా ఉంది. ఆ రంగు ఆమెకు భలే నచ్చింది. లోపల పేలుతున్న పెట్రోలు మధ్య ఇంత పొందికగా ఎలా ఉందో అనుకుంది.

అంతలో రామేశ్వర్ వచ్చి నెత్తి కొట్టుకున్నాడు. "నడిచేదాన్ని ఎందుకు ఇప్పినవే? ఊరుకున్నంత ఉత్తమం లేదు, బోడిగుండంత సుఖం లేదు. మళ్ల బిగించు, మర తప్పకుండ."

"చేత్తోనే తిప్పుత ముందుగాల. తిరిగినంత దూరం తిరిగినంకనే పానా." ఆ మాట ఆమె ఎవరో మెకానిక్ నోట విన్నది. ఇవాళ దాని అర్థం వేళ్లకు తెలిసింది.

మర్నాడు పొద్దున చేవెళ్ల బస్సు వచ్చే వేళకు అరుణాదేవి రోడ్డు మీదే నిలబడి, సుక్కమ్మను దింపుకుంది. బంకులోంచి చిన్న టిన్నులో పెట్రోలు తెప్పించి, కొత్త సీసా సీలు తీసి, సుక్కమ్మ చూస్తుండగానే తన చేత్తో ఆయిలు కొలిచి కలిపింది. "ఇయ్యాల మిషన్ల ఉన్నదంత ఒంపేయి. ఇదొక్కటే పొయ్యి. ఇగో, ఈ కొత్త ప్లగ్గు బిగించు. గాలి జాలీ దులుపు. ఏమైతదో రేపు చెప్పు."

"నువ్వు గూడ నన్ను పరీక్ష పెడుతున్నవా సేటమ్మా?"

"నిన్ను గాదు, పెట్రోల్‌ని."

సుక్కమ్మ టిన్ను అందుకుని ఆటో ఎక్కింది. ఆమె మాటలో ఉన్న నిష్ఠూరం అరుణాదేవికి ముల్లులా గుచ్చుకుంది. నిజానికి ఆమె పరీక్ష పెట్టింది పెట్రోలునూ, సుక్కమ్మనూ కూడా.

గురువారం సుక్కమ్మ వచ్చేసరికి ఆమె ముఖమే జవాబు చెప్పింది. తాళంచెవిని గల్లా మీద ఠక్కున పడేసి, కొంగులోంచి ప్లగ్గు తీసి దాని పక్కన పెట్టింది. అదే నలుపు, అదే పొడి మసి. "నీ చేతి పెట్రోలే. నీ చేతి ఆయిలే. ఇప్పుడు నువ్వు గూడ దొంగవేనా?"

అరుణాదేవి లోపల ఏదో తేలికపడింది. పెట్రోలుది కాదు తప్పు. అంటే సుక్కమ్మది కాదు. మరి ఎవరిది? ఆమె మసి ప్లగ్గు అందుకోబోయి, పొరపాటున పక్కనున్న తాళంచెవిని పట్టుకుంది. అప్పుడు చూసింది. తాళంచెవికి ఎర్రదారంతో కట్టి ఉన్నది కూడా ప్లగ్గే. చేతి రాపిడికి ఇనుము నున్నబడి మెరుస్తోంది.

"ఇదేంది సుక్కమ్మా?"

"అదా? మిషన్‌తోని కంపెనీల నుంచి వచ్చింది. వానాకాలమంత నడిచింది పాపం, ఒక్కనాడు సతాయించలె. మొన్న దీపావళి అయినంక కొస అరిగిపోయిందని హన్మంతు మార్చిండు. పారేయబుద్ధి గాలె. చెవి పోకుండ బరువుకు కట్టుకున్న."

అరుణాదేవి దాని పింగాణీని కొంగుతో తుడిచింది. మాసిన నీలం అక్షరాలు బయటపడ్డాయి. మసి ప్లగ్గును కూడా తుడిచి పక్కన పెట్టింది. ఒకే కంపెనీ, ఒకే పొడవు, ఒకే మర. అక్షరాలు కూడా అవే. ఒక్క అంకె తేడా. సుక్కమ్మ తాళంచెవి మీద ఆరు. నల్లబడ్డదాని మీద ఎనిమిది.

ఆమె లేచి అలమార దగ్గరికి వెళ్లి స్టీలు డబ్బా మూత తీసింది. పైనున్న ప్లగ్గు తిప్పి చూస్తే ఎనిమిది. దాని కింద ఎనిమిది. ఆ కింద ఆరు. మళ్లీ ఎనిమిది.

దీపావళికి దుకాణం కడిగేటప్పుడు ఆ డబ్బా సర్దింది తనే. చిరిగిన అట్టపెట్టెలు, చెదలు తిన్న కాగితాలు దుకాణంలో ఉంటే లక్ష్మి గడప తొక్కదని అత్తగారి కాలం నుంచీ వాళ్లింట్లో పట్టింపు. అందుకని పండగకు ముందు పాత పెట్టెలన్నీ పారేసి, ఒక్క తీరుగా ఉన్న సరుకునంతా కొత్త స్టీలు డబ్బాల్లోకి ఎత్తి, బొట్టు పెట్టింది. గడ్డి మిషన్ ప్లగ్గులు, చెట్ల రంపం ప్లగ్గులు చూడటానికి కవలపిల్లలే. రెండు పెట్టెలవీ ఒకే డబ్బాలో పోసింది. పూజకు వచ్చిన చుట్టాలంతా దుకాణం ఎంత ముచ్చటగా ఉందో అన్నారు. ఇల్లలకగానే పండగ కాదని వాళ్లకు తెలియదు, ఆమెకూ తెలియలేదు. చంకలో పిల్లను పెట్టుకుని ఊరంతా వెతికినట్టు, మూడు రోజులుగా ఆమె తన డబ్బాలోని తప్పును సుక్కమ్మ పెట్రోలు టిన్నులో వెతికింది.

"ఏమైంది సేటమ్మా?"

"ఏం లేదు. ఆగు." ఆరు నంబరు ప్లగ్గు ఒకటి ఏరి, రెండుసార్లు చూసుకుని, తెచ్చి ఇచ్చింది. "ఇది పెట్టి చూడు. ఇది... మంచి సరుకు. నీ తాళంచెవి సాయంత్రం దాక నా దగ్గర ఉండనీ, పోంగ తీస్కపో."

సుక్కమ్మ వెళ్లాక అరుణాదేవి రాణిగంజ్‌లో స్పేర్ పార్టుల హోల్‌సేల్ చేసే తమ్ముడికి ఫోను చేసింది. "కల్యాణ్, ప్లగ్గు మీద ఆరుకు, ఎనిమిదికి ఏం ఫరక్‌రా?"

"ఈ కంపెనీల నంబర్ పెద్దగైతే చల్ల ప్లగ్గక్కా. వేడి జల్ది బయటికి పంపిస్తది. రంపం అసొంటిది దమ్ము పట్టి ఫుల్లుగ నడుస్తది, దానికి చల్లదే గావాలె. గడ్డి మిషన్ ఆపుకుంట నడుపుకుంట చేస్తరు, దానికి కొస జర కాగాలె. కాగితెనే అంటిన మసి అదే కాల్చుకుంటది. లేకుంటె నల్లగై కూసుంటది. ఎందుకక్కా?"

"ఏం లే. ఊకెనే."

అట్లపెనం సరిగా కాగకపోతే అట్టు అంటుకుపోయినట్టన్నమాట. ఎంత చిన్న సంగతి! తెలిసినందుకు ఒక పక్క సంతోషం, తెలిసినదేమిటో తలచుకుంటే ఇంకో పక్క గుండెల్లో రాయి. మధ్యాహ్నం భర్తకు అన్నం వడ్డిస్తూ అంతా చెప్పింది.

రామేశ్వర్ నోటి దాకా తెచ్చిన ముద్దను ఆపాడు. చెడ్డవాడు కాదు. దుకాణం మీద మాట పడితే తన ఒంటి మీద పడ్డట్టు బాధపడే మనిషి. "సరే, అసలుది ఇచ్చినవు గద? మిషన్ నడుస్తది. ఆమె పని ఆమెకుంటది. మనం డబ్బ సాఫ్ చేసుకుందం. ఇంక ఊరంత చాటింపు ఎందుకు? రామేశ్వర్ సేటు తప్పు సరుకు ఇస్తడని రేపు ఒక్కలు గూడ గడప ఎక్కరు."

"రంపాలోళ్లకు ఆరు నంబర్ పోయిందేమో. వాళ్ల ఇంజన్లు కాలిపోతయి."

ఆయన గతుక్కుమన్నాడు. ముద్ద కంచంలో పెట్టి, చేయి కడుక్కుని, రంపం వాళ్లకు ఒక్కొక్కరికే ఫోను చేయటం మొదలుపెట్టాడు. "కొత్త స్టాకు వచ్చింది, పాతది మార్చిస్త, తీస్కరాండ్రి," అని ప్రతి ఒక్కరికీ నవ్వుతూ చెప్పాడు. నిజం మాత్రం ఒక్కరికీ చెప్పలేదు. అరుణాదేవి నేల మీద పేపరు పరిచి ప్లగ్గులన్నీ కుమ్మరించి, ఆర్లు ఒక కుప్ప, ఎనిమిదులు ఒక కుప్ప వేరుచేసింది. సాయంత్రం ఇంటికి పోతూ సుక్కమ్మ బస్సు దిగి, తాళంచెవి తీసుకుని, మిషన్ నడుస్తోందని ముఖమంతా నవ్వుతో చెప్పింది. అరుణాదేవి దొంగకు తేలు కుట్టినట్టు నోరు మూసుకుని తల ఊపింది.

మిషన్ నడిస్తే కథ ముగుస్తుందని ఆమె అనుకుంది. అట్లాగే అనుకోవాలని ఆమెకు గట్టిగా ఉంది కూడా.

శనివారం సుక్కమ్మ పొద్దున కాదు, సాయంత్రం వచ్చింది. ప్లగ్గు కోసం రాలేదు. గల్లా పక్కనున్న స్టూలు మీద కూలబడింది.

"మళ్ల ఆగిందా?" అని అరుణాదేవి ఆత్రంగా అడిగింది.

"ఆగలె. రెండు దినాలు పొద్దంత నడిచింది. ఇప్పి చూసిన, బిస్కెట్ లెక్క ఉన్నది." సుక్కమ్మ కళ్లు తుడుచుకుంది. "అదే పాణం మీదికొచ్చింది సేటమ్మా. భూపాల్ పటేలు అందరి ముంగట ఏమన్నడో తెల్సా? 'చూసిండ్రా, నేను గట్టిగ అడిగినంక పెట్రోల్ దొంగతనం బందైంది, మిషన్ మంచిగ నడుస్తుంది' అన్నడు. ఆగితె దొంగనే. నడిస్తె ఇంక పక్కా దొంగ. ఎటు పోవాలె నేను? సారుకు గూడ గదే చెప్పిండట. రేపు మిషన్ హన్మంతుకు అప్పజెప్పాలె."

రామేశ్వర్ బిల్లు రాస్తున్నట్టు తల వంచుకున్నాడు. ఆ చేతిలో పెన్ను కదలడం లేదు. అరుణాదేవికి సిగ్గనిపించింది. నిజం నోటి దాకా వచ్చింది. దుకాణంలో ఇంకో ఇద్దరు గిరాకీలున్నారు. ఆమె మాట మింగేసింది.

"రేపు నేనొస్త అజీజ్‌నగర్‌కు," అంది.

"నువ్వొచ్చి ఏం చేస్తవు?"

"వస్త."

రాత్రి వంటింట్లో గిన్నెలు సర్దుతున్నప్పుడు రామేశ్వర్ గుమ్మం దగ్గర నిలబడ్డాడు. ఆపుతాడని ఆమె అనుకుంది. ఆయన ఆపలేదు, రమ్మంటావా అని కూడా అడగలేదు. "నల్లబడ్డదొకటి ఎమ్రీ కాగితంతోని రుద్ది తీస్కపో," అన్నాడు. "మాటలు నమ్మడు వాడు."

ఆదివారం బస్సులో ఆధార్ కార్డు చూపించి ఆడవాళ్లకు ఉచితంగా ఇచ్చే జీరో టికెట్టు తీసుకుని, అరుణాదేవి అజీజ్‌నగర్ స్టేజీలో దిగింది. రోడ్డుకు రెండు పక్కలా ఎత్తయిన గోడలు, గోడల మీద కాగితంపూలు. మూడు గేట్లు తప్పు తట్టి నాలుగోది సరిగ్గా తట్టింది. సుక్కమ్మ తలుపు తీసింది. లోపల పచ్చిక మధ్య ప్లాస్టిక్ కుర్చీలో భూపాల్ కూర్చుని ఉన్నాడు. ఆయన ముందు గడ్డి మిషన్, దాని పక్కన దిగులుగా హన్మంతు.

"సారు రాలేదా?"

"రాడట. పని వడ్డదట," అన్నాడు హన్మంతు. "నాకు ఈ మిషన్ వద్దంటె ఇంటలేడు సేటమ్మా, నువ్వన్న చెప్పు."

భూపాల్ మర్యాదగా కుర్చీ తెప్పించాడు. అరుణాదేవి కూర్చోలేదు. "భూపాలన్నా, సుక్కమ్మ పెట్రోల్ తియ్యలేదు. ప్లగ్గు తప్పు. తప్పు ప్లగ్గు మా దుకాణం నుంచే వచ్చింది."

భూపాల్ నవ్వాడు. "ఆడోళ్లకు ఆడోళ్లు సాయం. మంచిదే. గానీ సేటమ్మా, ప్లగ్గు ప్లగ్గే గద? పడితె చాలు. మాకు గూడ తోటలున్నయి, మిషన్లున్నయి."

"అయితె నువ్వే నడిపి చూడన్నా. పెట్రోల్ నీ బండిల నుంచే తియ్యి. ఆయిల్ నువ్వే కలుపు. సుక్కమ్మ చెయ్యి తాకొద్దు."

ఆ మాటతో భూపాల్‌కు పౌరుషం వచ్చింది. తన మోటారు సైకిలు పైపు ఊడదీసి టిన్నులోకి పెట్రోలు పట్టాడు. మూతతో ఆయిలు కొలిచి కలిపి, తనే పోశాడు. అరుణాదేవి సంచిలోంచి రుద్ది తెచ్చిన ఎనిమిది నంబరు ప్లగ్గు తీసి ఇచ్చింది. హన్మంతు దాన్ని బిగించాడు. భూపాల్ మిషన్‌ను భుజానికి వేసుకుని తాడు గుంజాడు. మిషన్ లేచింది. సుక్కమ్మ వైపు చూసి, కనుబొమలెగరేసి, బాట పక్కన గడ్డి కోయడం మొదలుపెట్టాడు.

మొదట బాగానే సాగింది. గడ్డి తుంపరలు ఎగిరి పడుతున్నాయి. మొక్కలొచ్చిన చోట వేగం తగ్గించి, మళ్లీ పెంచి, మూల తిరిగేటప్పుడు ఆగి, ఫామ్‌హౌసు పనివాళ్లంతా ఎలా చేస్తారో ఆయనా అలాగే చేశాడు. సుక్కమ్మ చేతులు కట్టుకుని చెవి అటు పెట్టింది. "ఇగ చూడు, గొంతు మారుతది," అంది మెల్లిగా. నిజంగానే మారింది. ముక్కు దిబ్బడేసినట్టు గుర్రుమని, రెండుసార్లు తుమ్మి, ఆగిపోయింది.

భూపాల్ తాడు గుంజాడు. మళ్లీ గుంజాడు. భుజం మార్చుకుని గుంజాడు. తెల్ల చొక్కా వీపుకు అంటుకుపోయింది. హన్మంతు దగ్గొచ్చినట్టు అటు తిరిగాడు.

సుక్కమ్మ పానాతో వచ్చి ప్లగ్గు తీసి, అరచేతిలో పెట్టి చూపించింది. నల్లగా ఉంది. అప్పుడు అరుణాదేవి ఆరు నంబరుది ఇచ్చింది. సుక్కమ్మ వేళ్లతో తిప్పి, చివర పానాతో బిగించి, టోపీ తొడిగి, మిషన్‌ను తన భుజానికి ఎత్తుకుంది. రెండో గుంజుకు లేచింది. మూల తిరిగి వచ్చినా, వేగం తగ్గించి పెంచినా, అదే గొంతుతో నడిచింది. పెట్రోలు భూపాల్‌దే. ఆయిలూ భూపాల్‌దే.

"గింత అంకె పనా ఇదంత?" భూపాల్ చెమట తుడుచుకున్నాడు.

"రెండు తీర్లవి ఒక్క డబ్బల కలిసినయన్నా. కలిపింది నేనే. పండుగకు దుకాణం సర్దుకుంట."

"సరే తియ్యి, అయిపాయె గద," అని ఆయన చేయి విదిలించాడు. "మిషన్ నడుస్తుంది. సుక్కమ్మ దగ్గర్నే ఉండనీ. ఇంకేంది?"

మాట అయిపోయిందని అందరూ కదలబోయారు. సుక్కమ్మ కదలలేదు. భుజాన మిషన్ గడగడలాడుతూనే ఉంది.

"ఏమైపాయె పటేలా?" అని ఆ చప్పుడు మీదుగా అడిగింది. "సారుకు ఫోన్ల దొంగ అని చెప్పినవు. గదే ఫోన్ల కాదని చెప్పు."

"చెప్తలే."

"ఇప్పుడు చెప్పు."

భూపాల్ అరుణాదేవి వైపు చూశాడు, హన్మంతు వైపు చూశాడు. ఇద్దరూ ఆయన వైపే చూస్తున్నారు. ఫోను తీసి నంబరు నొక్కాడు. "సార్, గా మిషన్ సంగతి... ప్లగ్గు తప్పు వడ్డదట సార్... ఏంది సార్? చప్పుడుకు ఇనవడుతలేదు..."

సుక్కమ్మ వేలు పెట్టి మిషన్ స్విచ్చి ఆపింది. తోటంతా నిశ్శబ్దమైంది. ఇప్పుడు చెప్పు అన్నట్టు తల ఎగరేసింది.

భూపాల్ ఫోనును మళ్లీ చెవికి ఆనించుకున్నాడు. "సుక్కమ్మ పెట్రోల్ తియ్యలేదు సార్. నేనే తప్పు అనుకున్న." ఫోను జేబులో పెట్టుకుని, మోటారు సైకిలు పైపు బిగించే వంకతో అటు వెళ్లిపోయాడు.

అరుణాదేవి సంచి సర్దుకుంది. సుక్కమ్మ గేటు దాకా తోడు వచ్చింది. కృతజ్ఞత చెబుతుందని, వద్దులే అని తను అనాలని అరుణాదేవి మనసులో ఒక మాట కూడా తయారుచేసుకుంది. సుక్కమ్మ గడియ మీద చేయి పెట్టి ఆగింది.

"సేటమ్మా, గురువారం నా తాళంచెవి చూసినప్పుడే నీకు తెలిసింది గద?"

అరుణాదేవి తయారుచేసుకున్న మాట ఎటో పోయింది. "తెలిసింది."

"నిన్న నీ దుకాణంల కూసోని నేను ఏడ్చేటప్పుడు గూడ తెలుసు."

"తెలుసు."

సుక్కమ్మ గేటు తీసి పట్టుకుంది, అరుణాదేవి బయటికి వచ్చాక మెల్లిగా మూసింది. ఆ మూయడంలో కోపం లేదు. కోపం ఉన్నా బాగుండేదని అరుణాదేవికి బస్సులో మొయినాబాద్ దాకా అనిపిస్తూనే ఉంది.

తర్వాత చాలా రోజులు సుక్కమ్మ దుకాణానికి రాలేదు. సరైన ప్లగ్గు కాబట్టి మిషన్ నడుస్తూ ఉండాలి. చేవెళ్ల బస్సు ఆగినప్పుడల్లా అరుణాదేవి తల ఎత్తి చూసేది. కొన్నిసార్లు కిటికీ పక్కన సుక్కమ్మ కనిపించేది, దిగేది కాదు. రామేశ్వర్ కొత్త అట్టపెట్టెలు తెప్పించి, రెండు నంబర్లకు రెండు పెట్టెలు చేసి, అరచేయంత అంకెలు తనే వేశాడు. స్టీలు డబ్బా వంటింట్లోకి పోయి పప్పు డబ్బా అయింది.

శివరాత్రి దాటి ఎండ చుర్రుమంటున్న ఒక పొద్దున తాళంచెవి గల్లా మీద ఠక్కుమంది.

"సేటమ్మా, ప్లగ్గు. కొస అరిగింది," అంది సుక్కమ్మ.

అరుణాదేవి ఆరు అని రాసిన పెట్టెలోంచి ఒకటి తీసి, నంబరు చూసి, తెచ్చి ఆమె ముందు పెట్టింది. సుక్కమ్మ దాన్ని కొంగులో ముడివేయలేదు. ఎర్రదారంతో కట్టిన పాత ప్లగ్గును పక్కన పెట్టుకుని, రెండింటి మీదా వేలు పెట్టి, ఒక్కో అక్షరం పోలుస్తూ పోయింది.

"అదే సుక్కమ్మా, చూసే ఇచ్చినం," అన్నాడు రామేశ్వర్ నొచ్చుకుంటూ.

"నేను గూడ చూస్త సేటూ," అంది సుక్కమ్మ తల ఎత్తకుండా.

అరుణాదేవి తన నీడ గల్లా మీద పడుతోందని గమనించి, ఆమెకు వెలుతురు అడ్డం రాకుండా పక్కకు జరిగి నిలబడింది.